టీబీ తగ్గింది, దగ్గు తగ్గలేదు

టీబీ కోర్సు పూర్తవుతుంది. కఫంలో క్రిమి లేదని రిపోర్టు వస్తుంది. ఖాతాలో పడే పోషణ సాయం ఆగిపోతుంది. కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ దగ్గు, ఆయాసం. దగ్గితే రక్తం. 'టీబీ తిరగబెట్టింది' అంటూ పాత మందులే మళ్లీ మొదలవుతాయి. వీరిలో కొందరిని పీడిస్తున్నది మాత్రం బూజు.

టీబీ తినేసినచోట ఊపిరితిత్తిలో గుల్ల మిగిలిపోతుంది. గాలిలో నిత్యం తిరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు అందులో చేరి పెరుగుతుంది. ఎక్స్‌రేలో ఒక్కోసారి బంతిలా కనిపిస్తుంది గనుక డాక్టర్లు ఫంగల్ బాల్ అంటారు. ప్రపంచ టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశం ఈ జబ్బును అరుదని తీసిపారేస్తే ఎలా?

మందు ఏదో తేల్చిన పరిశోధన కూడా మన దగ్గరే, చండీగఢ్‌లోని పీజీఐ ఆస్పత్రిలో జరిగింది. 2013లో వెలువడిన, 31 మంది రోగులపై చేసిన ట్రయల్‌లో ఇట్రాకొనజోల్ అనే బూజు మందు ఆరు నెలలు వాడినవారిలో 76 శాతం మందికి గుణం కనిపించింది. అది లేనివారిలో 36 శాతానికే. ఆరు నెలలు సరిపోతాయా అని ఆ వైద్యులే 164 మందిపై మళ్లీ పరీక్షించి 2022లో జవాబిచ్చారు. ఆరు నెలలకు ఆపేసినవారిలో 38 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఏడాది వాడినవారిలో 10 శాతానికే. ఇదేమీ అపురూపమైన మందు కాదు. తామరకు మెడికల్ షాపుల్లో ఇచ్చే మాత్రే.

కానీ ఏడాదిపాటు కొనుక్కోవడం కూలి చేసుకునే మనిషికి మాటలా? ఎందుకైనా మంచిదని టీబీ మందులూ కలిపి రాస్తే ఇంకో చిక్కు. వాటిలోని రిఫాంపిసిన్ ఇట్రాకొనజోల్‌ను ఒంట్లో నిలవనివ్వదు.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ప్రభుత్వాలు పరుగులు పెట్టాయి, మేమూ పేజీలకు పేజీలు రాశాం. నిదానంగా ప్రాణం తీసే ఈ బూజు మాత్రం ఎవరికీ పట్టలేదు, మాకూ పట్టలేదు. ఈలోగా పొలాల్లో తెగుళ్లకు టెబుకొనజోల్, ప్రొపికొనజోల్ కొడుతూనే ఉన్నాం. అవీ ఇట్రాకొనజోల్ కుటుంబానివే. వాటికి అలవాటుపడిన బూజు ఇట్రాకొనజోల్‌కూ లొంగకపోవచ్చు. ఈ తరహా మందులకు లొంగని ఆస్పర్‌జిల్లస్ మన దేశపు మట్టిలో ఉందని ఢిల్లీ పరిశోధకులు 2012లోనే చూపారు. ఉన్న మాత్ర పనిచేస్తున్నప్పుడే దాన్ని రోగికి చేర్చాలి.

టీబీ కోర్సు ముగిశాకా దగ్గు వదలనివారికి ఎక్స్‌రే, ఆస్పర్‌జిల్లస్ రక్తపరీక్ష జిల్లా ఆస్పత్రిలోనే చేయాలి. బూజు అని తేలితే, టీబీ మందులిచ్చిన కౌంటర్‌లోనే ఏడాది మాత్రలూ ఉచితంగా ఇవ్వాలి.