మీ ఊరి మలుపుకు అర్హత ఉందా?

రోడ్డు భద్రతలో ప్రజలను భాగస్వాములను చేయాలని ఏలినవారు ఏటా తీర్మానిస్తూనే ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద జిల్లాకో కమిటీ. కలెక్టరేట్ హాల్లో పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ వాళ్లు కూర్చుంటారు, బిస్కెట్ల ప్లేటు తిరుగుతుంది, 'ప్రజల్లో అవగాహన పెరగాలి' అని రాసుకుని లేస్తారు. ఇన్నాళ్లూ ప్రజలేదో రోడ్డుతో సంబంధం లేకుండా గాల్లో తిరుగుతున్నట్టు!

అసలు మన జనం భాగస్వామ్యానికి కొదవెక్కడ? వానాకాలం వడ్లు కోతకొచ్చాయంటే సగం రోడ్డును కల్లం చేసి, చుట్టూ బండరాళ్లు పేర్చి బండ్ల వేగం తగ్గిస్తున్నది రైతులు కాదూ? రాత్రిపూట ఆ రాళ్లు కనబడవంటారా, నల్ల పరదా కప్పిన వడ్లు మాత్రం కనబడతాయా? (కొనుగోలు కేంద్రంలో జాగా ఉంటే రోడ్డు మీద జాగారం చేయడం ఎవరికి సరదా అన్నది వేరే శాఖ వారి ప్రశ్న.) భద్రతా మాసాన్ని జనవరిలో పెట్టారు. అప్పటికి వానాకాలం వడ్లు ఎత్తేస్తారు, యాసంగివి ఇంకా చేలోనే ఉంటాయి. ముహూర్తం పెట్టినవారు గట్టివారే.

ఇక స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, ముందే ఒక హెచ్చరిక బోర్డు. ఊరి లెక్క వేరు. బడి పిల్లాడు లారీ కింద పడతాడు. ఊరంతా రాస్తారోకో చేస్తుంది. అధికారి వచ్చి హామీ ఇచ్చి వెళ్తాడు. నెల చూసి, నాలుగు తట్టల కంకర, రెండు బస్తాల సిమెంటుతో రాత్రికి రాత్రే మోకాలెత్తు దిబ్బ లేపుతారు. హెచ్చరికకు తుమ్మకంప. తెల్లారేసరికి దాని మీదే ఓ బైకు ఎగిరి, వెనక కూర్చున్న ఇల్లాలు జారి పడుతుంది. వ్యూహం, అమలు, ఫలితం అన్నీ ఒక్క రాత్రిలో! ఏ కన్సల్టెంటు వల్ల అవుతుంది?

సర్కారు గుర్తించే భాగస్వామ్యం మాత్రం ఒకటే: బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోటు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో, ప్రాణాలు పోయినవో తీవ్రంగా గాయపడ్డవో అయిదు ప్రమాదాలు జరగాలి. లేదా పదిమంది పోవాలి. అప్పుడే ఆ చోటుకు బ్లాక్ స్పాట్ అనిపించుకునే అర్హత. 2022లో దేశం మొత్తం మీద రోడ్లపై 1,68,491 మంది పోయారు. ఏం లాభం? ఎక్కడివాళ్లక్కడ చెల్లాచెదురుగా పోతే ఏ మలుపుకూ కోటా నిండదు.

అందుకే రోడ్డు భద్రతకు ప్రాంతీయ వ్యూహమంటూ రాస్తే అందులో మొట్టమొదట ఊళ్లకు లెక్కలు నేర్పాలని నా మనవి. నాలుగు ప్రమాదాలైన మలుపు గురించి సర్పంచ్ అర్జీ పట్టుకొస్తే 'ఇంకొకటి తక్కువైందండీ' అని గుమాస్తా మర్యాదగా చెప్పాలి. ఎఫ్ఐఆర్ కాపీలు అడగాలి. కాలు విరిగినవాడు కేసెందుకులే అని రాజీ పడి ఉంటే ఆ కాలు లెక్కలోకి రాదనీ చెప్పాలి. పైగా ఇవి క్యాలెండర్ సంవత్సరాలు. మొదటి ప్రమాదం మూడేళ్ల కిందటిదైతే కొత్త ఏడాది రాగానే అది జారిపోతుంది, నాలుగు కాస్తా మూడవుతాయి. కాబట్టి ఊరివాళ్లు ఆ అయిదోది ఏదో డిసెంబరు 31 లోపే కానివ్వాలి. గడువు పొడిగించే అధికారం జిల్లా కమిటీకి లేదు.