క్లామ్‌లన్నీ సున్నితమైనవి కావు

రీఫ్ ట్యాంకులో, అంటే ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, క్లామ్ (రెండు చిప్పలున్న సముద్రజీవి) నిలవదని, కొత్తవాళ్లు దాని జోలికే పోవద్దని ఒక వ్యాసంలో రాశారు. అన్ని రకాలనూ ఒకే గాటన కట్టడం సరికాదండీ.

టెక్సాస్‌లో మా ఇంట్లో డెరాసా అనే రకం క్లామ్ ఆరేళ్లుగా ఉంది. అరచేతిలో సగం ఉన్నప్పుడు తెచ్చాను, ఇప్పుడు రెండు చేతులూ కావాలి. ఇసుక మీదే కూర్చుంటుంది, ఓ మాదిరి లైటుకే సర్దుకుంటుంది. క్రోసియా, మాక్సిమా రకాలు అలా కాదు. వాటికి బలమైన వెలుతురు కావాలి, నారలాంటి పోగులతో రాయిని పట్టుకుంటాయి. నా మొదటి మాక్సిమాకు చోటు మారుద్దామని రాతి మీంచి లాగేశాను. ఆ పోగులు పుట్టే కండ చిరిగింది. పది రోజుల్లో చనిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పోగుల్ని బ్లేడుతో మెల్లగా కోయాలని తర్వాత తెలిసింది.

కొనేముందు చెయ్యి అడ్డం పెట్టి నీడ పడనివ్వండి. చిప్పల మధ్య కనిపించే రంగుల పెదవి చటుక్కున ముడుచుకోవాలి. నోరు తెరుచుకుని వేలాడుతుంటే తీసుకోకండి. రెండంగుళాల లోపు పిల్ల క్లామ్‌లైతే త్వరగా పోతాయి. క్లామ్ ఒంట్లోని ఆల్గే (సన్నని నాచు) వెలుతురుతో తిండి తయారుచేసి పెడుతుంది కానీ, చిప్ప పెరగాలంటే నీళ్లలో కాల్షియం 400 పీపీఎం (పది లక్షల భాగాల్లో 400) పైన ఉండాలి, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఊగకూడదు. ఇవి కుదురుకోవడానికి సమయం పడుతుంది, అందుకే ట్యాంకుకు ఏడాది నిండాకే క్లామ్ తెమ్మంటాను.

ఇండియాలో ఉన్నవారికి ఒక మాట. మాక్సిమా, స్క్వామోసా అనే మరో రకం క్లామ్ అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ఎవరు అమ్ముతామన్నా దయచేసి కొనకండి.