సమీక్షకు ఏడు సూత్రాలట!

ఈ వారంలో అదే మెసేజ్ నాకు అయిదోసారి వచ్చింది. మొదట పుస్తకాల గ్రూపులో, తర్వాత డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూపులో, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకర్ బిల్లుకీ లిఫ్ట్ రిపేరుకీ మధ్యన. నాలుగోసారి పంపింది మా మేనమామ. ఆయన చివరిసారి కొన్న పుస్తకం పంచాంగం. అయిదోసారి పంపినవాడి సంగతి తర్వాత చెబుతాను.

మెసేజ్ పేరు ‘మంచి పుస్తక సమీక్షకు ఏడు సూత్రాలు’. రాసింది ఎవరో లేదు. అడుగున రెండు దండాలు, ఒక పూలగుత్తి, ‘సాహిత్యాభిమానులందరికీ పంపండి’ అన్న ఆజ్ఞ ఉన్నాయి. ఇంకా అందనివాళ్ళ కోసం క్లుప్తంగా: ఒకటి, మంచి మాత్రమే రాయాలి, నచ్చనిది రచయితకు ఫోన్లో చెప్పాలి. రెండు, తెలుగు పుస్తకం కష్టకాలంలో ఉంది, ఒక్క చెడ్డ సమీక్ష వంద మంది పాఠకుల్ని దూరం చేస్తుంది. మూడు, పుస్తకం రాయనివాడికి పుస్తకాన్ని విమర్శించే హక్కు లేదు. నాలుగు, పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాస్తే కాపీరైటు నేరం, తప్పులు ఎంచితే పరువు నష్టం కేసు. అయిదు, పాఠకులకు టైం లేదు కాబట్టి కథంతా చెప్పేయాలి. ఆరు, పూర్తిగా చదవకుండా రాయకూడదు. ఏడు, ముఖచిత్రం, పేజీలు, ధర, ప్రతులు దొరికే చోటు తప్పక ఇవ్వాలి. కిందనే ఒక ‘ఆదర్శ సమీక్ష’ కూడా జతచేశారు.

చిన్నవాటిని ముందు వదిలించుకుందాం. పుస్తకం రాయనివాడికి విమర్శించే హక్కు లేకపోతే కొనే హక్కు కూడా రచయితలకే ఇచ్చేయండి. అప్పుడు అయిదు వందల కాపీలు అచ్చేసినా ఎక్కువే.

కథంతా చెప్పాలన్న మాటకు వస్తే, టైం లేనివాడు సమీక్ష మాత్రం ఎందుకు చదువుతాడు? కథ ఏ ఊళ్ళో, ఎవరి చుట్టూ, ఏ చిక్కుతో మొదలవుతుందో చెబితే చాలు. హంతకుడెవరో రెండో పేరాలోనే చెప్పిన ఒక సమీక్ష పుణ్యమా అని, కొందామనుకున్న నవల మానేశాను.

ఏడో సూత్రం చూసి మొదట నవ్వుకున్నాను. ఇది సమీక్షా, రైతుబజార్ ధరల బోర్డా అని. తర్వాత గుర్తొచ్చింది. పోయినేడు నేను రాసిన ఒక సమీక్ష చదివి ఖమ్మం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "అంతా బాగా రాశారు సార్, ఇంతకీ పుస్తకం ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు. అది రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకం. ఏ షాపులోనూ లేదు, ఆయన ఇంట్లో మంచం కింద ఉంది. నేను ఆ ముక్క రాయలేదు. సరే, ఏడోది ఒప్పుకుంటున్నాను.

నాలుగోది జనాన్ని భయపెట్టేది, అందుకని కొంచెం ఆగుదాం. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదని నేరుగా చెబుతోంది. అధ్యాయాలకు అధ్యాయాలు దించేస్తే వేరే మాట. నాలుగు వాక్యాలు ఎత్తి చూపిస్తే నేరం కాదు. అసలు ఆ నాలుగు వాక్యాలే పాఠకుడికి కావాలి. ‘శైలి ప్రవాహంలా ఉంది’ అని సమీక్షకుడు అంటే నమ్మాలో లేదో తెలియదు. ఒక వాక్యం పెడితే, ప్రవాహమో మురుగు కాలువో వాళ్ళే చూసుకుంటారు.

ఇక పరువు నష్టం. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, అంతకుముందు ఐపీసీ 499. ఏవేవి పరువు నష్టం కిందికి రావో అందులోనే రాసిపెట్టారు. వాటిలో ఆరోది అచ్చంగా మన గురించే. ప్రజల తీర్పు కోసం ముందుకు తెచ్చిన కృతి మీద సదుద్దేశంతో అభిప్రాయం చెబితే అది పరువు నష్టం కాదు. పుస్తకం అచ్చేసినవాడు దాన్ని ప్రజల తీర్పుకు పెట్టినట్టేనని ఉదాహరణ కూడా ఇచ్చారు. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. ‘ఫలానావాడి పుస్తకం తెలివితక్కువగా ఉంది, అతను బలహీనుడే అయ్యుంటాడు’ అని పుస్తకాన్ని బట్టి సదుద్దేశంతో అంటే ఫర్వాలేదట. ‘వాడు బలహీనుడు, తిరుగుబోతు, వాడి పుస్తకం అలా ఉందంటే నాకేం ఆశ్చర్యం లేదు’ అంటే మాత్రం రక్షణ లేదు. పుస్తకంలోంచి మనిషి దగ్గరికి వెళ్ళొచ్చు, మనిషిని పట్టుకుని పుస్తకం మీదికి రాకూడదు. 1860 నాటి ఐపీసీ రాసినవాళ్ళకు సమీక్ష అంటే ఏమిటో ఈ మెసేజ్ రాసినాయన కంటే బాగా తెలుసు. కేసు వేస్తామని బెదిరించేవాళ్ళు ఉండొచ్చు, బెదిరింపుకి స్టాంపు పేపరు అక్కర్లేదు కదా.

ఇప్పుడు అసలైనవి, ఒకటీ రెండూ. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

మొన్నటి డిసెంబరులో, హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర జరిగే బుక్ ఫెయిర్‌కి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. పంతొమ్మిదేళ్ళది, ఇంగ్లీషు నవలలే చదువుతుంది. దానిచేత ఒక్క తెలుగు నవలైనా చదివించాలని నా పట్టుదల. వారం ముందు నుంచే ఒక కొత్త నవల మీద వచ్చిన మూడు సమీక్షలు వాట్సాప్‌లో పంపుతూ వచ్చాను. మూడింటిలోనూ ‘చదివి తీరాల్సిన’ అని ఉంది. ఒకదాంట్లో ‘ప్రతి ఇంటి అలమరాలో ఉండాల్సిన’ అని కూడా ఉంది. ధర 400, పది శాతం తగ్గింపు పోను 360. తన పాకెట్ మనీతోనే కొంది. నేనిస్తానన్నా వినలేదు.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మెట్రో ఎక్కాం. సీటు దొరకగానే తెరిచింది. సుల్తాన్ బజార్ దాటేసరికి హీరో చెల్లెలి పేరు మారిపోయింది. మూడో పేజీలో సుజాత, ఏడో పేజీలో సుజన. "వీళ్ళు ఇద్దరా నాన్నా?" అని అడిగింది. నేను సర్దిచెప్పాను. ఇంటికొచ్చాక చూస్తే 33 నుంచి 48 దాకా పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 49 నుంచి 64 దాకా లేనే లేవు. ఒక ఫారం, అంటే పదహారు పేజీల కట్ట, బదులు ఇంకో ఫారం కుట్టేశారు. అది మా కాపీ ఖర్మ అనుకుందాం. కానీ నూట పదో పేజీ నుంచి రెండు వందలో పేజీ దాకా హీరో నిలబడి ఉపన్యాసం ఇస్తూనే ఉంటాడు, అది అన్ని కాపీల్లోనూ ఉంటుందిగా! ముగ్గురు సమీక్షకుల్లో ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

మూడో రోజు అది పుస్తకం మూసి నన్ను అడిగింది: "నాన్నా, ఇది నిజంగా బాగుందా, లేక తెలుగు కాబట్టి బాగుందనాలా?"

నా దగ్గర జవాబు లేదు. చెడ్డ సమీక్ష వంద మందిని దూరం చేస్తుందని లెక్క కట్టినాయన, మంచి సమీక్ష దూరం చేసిన ఈ ఒక్కదాన్ని ఏ లెక్కలో వేస్తాడు? అది మళ్ళీ తెలుగు పుస్తకం కొనలేదు. తప్పు నవలది కాదనే అంటాను. మొదటి వంద పేజీలు నేనూ చదివాను. నల్లగొండ మాట పట్టుకున్న తీరు బాగుంది, బావి దగ్గర తగాదా అయితే పక్కనే నిలబడి చూసినట్టుంది. ఒక్క సమీక్షకుడు ‘మొదటి సగం పరుగెడుతుంది, తర్వాత ఉపన్యాసం మొదలవుతుంది, ప్రూఫులు సరిగా దిద్దలేదు, మాండలికం కోసం చదవొచ్చు’ అని రాసి ఉంటే మా అమ్మాయి దాన్ని తెలిసి కొనేది, లేదా ఇంకోటి కొనేది. తెలిసి కొంటే ఆ వంద పేజీలకే సంతోషపడేది కూడా.

ఇంకో సంగతి. ‘ఉపన్యాసాలు ఎక్కువ’ అని రాస్తే అమ్మకాలు పోతాయని ఎందుకు అనుకుంటారు? మా ఫ్రెండ్ ఒకడున్నాడు, నవలలో రాజకీయం లేకపోతే వాడికి సయించదు. ఆ ఒక్క ముక్క చదివి ఎగిరి గంతేసి కొనేవాడు. సమీక్షకుడికి నచ్చనిదే ఒక్కోసారి ఇంకొకరికి కావాల్సింది. దాచిపెడితే ఇద్దరికీ నష్టం. ఆ చెడ్డ మాటేదో రచయితకు ఫోన్లో చెప్పాలట. బాగుంది, 360 పెట్టింది మా అమ్మాయి, ఫోన్ రచయితకి!

1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వ తత్త్వ విచారము’ వేశారు. పదహారో శతాబ్దపు కవి పింగళి సూరన కావ్యం కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని ఎక్కడ గొప్పదో, ఎక్కడ కాదో విప్పి చూపారు, పనిలో పనిగా ప్రబంధ కవుల్ని ఉతికి ఆరేశారు. సూరనకు ఏం నష్టం జరిగింది? ఆ గొడవంతా ఆయన్ని మళ్ళీ చదవడానికే పనికొచ్చింది. ఇప్పుడైతే రామలింగారెడ్డిని కూడా ‘సూరన గారికి ఫోన్ చేసి చెప్పండి సార్’ అనేవాళ్ళేమో.

ఆ ‘ఆదర్శ సమీక్ష’ సంగతి కూడా చూద్దాం. పదకొండు లైన్లు. పెన్సిల్ తీసుకుని, ఇంకే పుస్తకానికైనా సరిపోయే మాటల్ని కొట్టేస్తూ వచ్చాను. ‘గుండె లోతుల్లోంచి వచ్చిన అక్షరాలు’ పోయింది. ‘చదువుతుంటే కళ్ళు చెమర్చాయి’ పోయింది. ‘సమాజానికి అద్దం’ పోయింది. ‘వీరి కలం నుంచి మరిన్ని రచనలు రావాలని ఆశిస్తూ’ పోయింది. చివరికి పుస్తకం పేరు, రచయిత పేరు, 212 పేజీలు, ఒక ఊరి పేరు మిగిలాయి. ఆ ఊరు కథలోది కాదు, రచయిత పుట్టినది. పుస్తకం పేరు తీసేసి ‘రైల్వే టైం టేబుల్’ అని పెట్టి చదివాను. నష్టమేం లేదు. ‘మనల్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్తుంది’ అన్న వాక్యం దానికే ఇంకా బాగా నప్పింది.

చిట్టచివర ‘నా ఆత్మీయ మిత్రుడు’ అని ఉంది. మిత్రుడి పుస్తకం మీద రాయకూడదని నేననను, ఈ ఊళ్ళో రాసేవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. కానీ ఆ ముక్క మొదటి లైన్లో ఉండాలి. పుస్తకం కొన్నారా, ఊరికే వచ్చిందా అన్నదీ చెప్పాలి. ఆన్‌లైన్‌లో మిక్సీలకూ హోటళ్ళకూ వచ్చే రివ్యూల కోసమే 2022లో, వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్, ‘ఐఎస్ 19000’ అని ఒక ప్రమాణం పెట్టింది, పెట్టినప్పుడు పాటించడం ఎవరిష్టం వాళ్ళదే అయినా. మిక్సీకి ఉన్న పాటి మర్యాద నవలకు వద్దా? ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, ‘సమీక్షార్థం’ అన్న ముద్రతో నలగని పుస్తకాలు నలభై రూపాయలకు దొరుకుతాయి. నా దగ్గరే మూడున్నాయి. అందులో ఒకదాని మీద వచ్చిన సమీక్షలో ‘ఏకబిగిన చదివించింది’ అని ఉంది. నేను కొన్నప్పుడు చివరి పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

మిగిలింది ఆరోది, పూర్తిగా చదవకుండా రాయకూడదన్నది. దీన్నీ ఖండిద్దామనే కూర్చున్నాను. వాదన కూడా సిద్ధం: వంద పేజీలు చదివి వదిలేశాను అని చెప్పి, ఎక్కడ వదిలేశానో ఎందుకు వదిలేశానో రాస్తే అది కూడా పాఠకుడికి పనికొచ్చేదే. ఆ వాదన ఇప్పటికీ తప్పని అనుకోవడం లేదు. కానీ ఆ మాట అనే మొహం నాకు లేదు.

కొన్నేళ్ళ కిందట ఒక పత్రిక అడిగితే పదహారు కథల సంపుటి మీద రాశాను. ఆదివారానికల్లా ఇవ్వాలి. ఆరు కథలు చదివాను. ‘ఈ రచయిత కథల్లో ఆడవాళ్ళకు నోరు లేదు’ అని పదునుగా ఒక వాక్యం రాసి, మురిసిపోయి, పంపేశాను. నెల తర్వాత సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఏదో సభ. మెట్ల దగ్గర ఆ రచయిత ఎదురయ్యారు. పెద్దాయన, స్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కోపం లేదు, నమస్కారం పెట్టి, "ఏడో కథ చదివారా సార్?" అన్నారు. చదివానన్నాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి తీసి చూశాను. ఏడో కథ మొత్తం ఒక ముసలామె చెప్పుకుపోయే మాటలే. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంకెవరూ నోరెత్తరు. ఆరో సూత్రం రాసినాయనకు నా దండాలు, వ్యంగ్యంగా కాదు.

ఇక అయిదోసారి పంపినవాడు. తమ్ముడి వరస, మొదటి పుస్తకం వేసుకున్నాడు. "అన్నా, ఇది చూసి, నా కథల మీద శుక్రవారంలోగా రెండు మాటలు రాయండి" అని కింద రాశాడు. ఒరే తమ్ముడూ, 184 పేజీల్లో నేను 112లో ఉన్నాను. పుస్తకం నువ్వు ఊరికే ఇచ్చిందే, నువ్వు నాకు తెలిసినవాడివే, ఈ రెండూ మొదటి లైన్లోనే రాస్తాను. చాదర్‌ఘాట్ పంక్చర్ షాపు కథ బాగుంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందా అని ఇద్దరూ తలలు వంచి చూసే ఆ అర పేజీ రెండుసార్లు చదివాను. దాని తర్వాతి రెండు కథలు బాలేవు. రెండింటి చివరా ఒక ముసలాయన వచ్చి నీతి చెప్పి వెళ్ళిపోతాడు, ఇద్దరూ నాకు ఒకే ముసలాయనలా కనిపించారు. ధర 200, ప్రతులు నీ దగ్గరే అని కూడా వేస్తాను. ఇంకా 72 పేజీలున్నాయి. శుక్రవారానికి మాత్రం కాదు.