ఆచార్యులవారి జన్మతేదీ తయారుచేయు విధానం

కావలసినవి: ఒక శ్లోకం, ఒక ల్యాప్‌టాప్, రెండు మూడు రకాల అయనాంశలు (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే సవరణలు), ముందే నిర్ణయించుకున్న ఒక తేదీ. చివరిది చేతిలో లేకుండా పొయ్యి వెలిగించకూడదు. తేదీ తెలియకుండా గ్రహాల దగ్గరికి వెళితే అవి తోచిందల్లా చెబుతాయి.

ఆదిశంకరులనే తీసుకుందాం. పుట్టింది కాలడిలో అన్నదాని మీద పెద్ద తగాదా లేదు. ఎప్పుడంటేనే గొడవ. కంచి పరంపర క్రీ.పూ. 509 అంటుంది. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నడిచింది క్రీ.శ. 788. మధ్యలో 1,296 ఏళ్లు. ఆయన ఆయుర్దాయం 32. అంటే ఆ ఖాళీలో నలభై మంది శంకరులు ఒకరి తర్వాత ఒకరు పుట్టి, దిగ్విజయం చేసి, సిద్ధి పొందవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నచోట జ్యోతిషం చేతులు ముడుచుకు కూర్చోదు.

శంకరుల జీవితం చెప్పే కావ్యం మాధవీయ శంకర విజయంలో జనన శ్లోకం ఉంది. శుభలగ్నంలో, సూర్యుడూ కుజుడూ శనీ ఉచ్చలో, గురువు కేంద్రంలో ఉండగా పుట్టారని. పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశి లగ్నం, దాని నుంచి 1, 4, 7, 10 ఇళ్లు కేంద్రాలు, గ్రహానికి అత్యంత బలమిచ్చే రాశి ఉచ్చ. అంటే రవి మేషంలో, కుజుడు మకరంలో, శని తులలో ఉండాలి. సంవత్సరం చెప్పలేదు, లగ్నం పేరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మన అదృష్టం.

ఇక జల్లెడ పట్టాలి. శని రాశిచక్రం చుట్టి రావడానికి 29న్నర ఏళ్లు పడుతుంది, తులలో రెండున్నరేళ్లు ఉంటాడు. ఆ రెండున్నరేళ్లలో మేషమాసాలు రెండో మూడో వస్తాయి. వాటిలో కుజుడు మకరంలో ఉండడం పన్నెండింట ఒక వంతు, మహా అయితే ఇంకాస్త ఎక్కువ. మొత్తం మీద వందకూ నూటయాభైకీ మధ్య ఏళ్లకోసారి ఈ ముగ్గురూ కలిసి ఉచ్చలోకి వస్తారు. మన 1,296 ఏళ్లలో పదిసార్ల దాకా వస్తారన్నమాట. పదిలో ఒకటి ఏరుకోవడానికి గురువు సాయం చేస్తాడనుకుంటాం. చేయడు. లగ్నం రెండు గంటలకోసారి మారుతుంది, కేంద్రాలు నాలుగు. కాబట్టి గురువు ఏ రాశిలో ఉన్నా ప్రతిరోజూ ఎనిమిది గంటలపాటు కేంద్రంలో ఉన్నట్టే. రోజూ మూడోవంతు పిల్లలు ఆ యోగంలోనే పుడుతున్నారు. పోనీ తిథి? శంకరజయంతి జరుపుకునే వైశాఖ శుద్ధ పంచమి ప్రతి ఏడూ వస్తుంది. రవి మేషంలో ఉండగా ఆ పంచమి వస్తే చంద్రుడు మృగశిర, ఆరుద్ర, పునర్వసుల చుట్టుపక్కలే ఉండి తీరాలి. కాబట్టి ‘నక్షత్రం కూడా కుదిరింది చూశారా’ అని మురిసిపోవడం, సోమవారం తర్వాత మంగళవారం వచ్చిందని మురిసిపోవడం లాంటిదే.

కర్కాటక లగ్నం వేసి చూడండి. రవి పదింట, కుజుడు ఏడింట, శని నాలుగింట, అందరూ కేంద్రాల్లోనే. ఈ చక్రం ఎక్కడో చూసినట్టుందా? గోడల మీద పటం కట్టించుకునే శ్రీరామ జాతకం ఇదే, శుక్రుడొక్కడే తక్కువ. కావ్యాల్లో మహాపురుషుడికి ఉచ్చగ్రహాలు పెట్టడం పెళ్లికొడుక్కి బాసికం కట్టడం లాంటిది. బాసికం చూసి వరుడి పుట్టినరోజు చెప్పమంటే కష్టం.

రాముడు ఆచార్యుడు కాడు కానీ, మాట వచ్చింది కనుక ఒక లెక్క. నవమి నాడు చంద్రుడు రవికి 96 నుంచి 108 డిగ్రీల దూరంలో ఉంటాడు. పునర్వసు 80 డిగ్రీల నుంచి 93 డిగ్రీల 20 నిమిషాల దాకా. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రవి ఎక్కడ తేలినా మీనంలోనే తేలతాడు, మేషంలో అడుగు పెట్టలేడు. నవమి, పునర్వసు, ఉచ్చరవి మూడూ కావాలంటే ఆకాశంలో చోటు లేదు. కవికి ఉంది. వాల్మీకి ఐదు గ్రహాలు ఉచ్చలో ఉన్నాయన్నాడు, గురువు కర్కాటకంలో ఉన్నాడన్నాడు, మిగతా నాలుగూ ఏవన్నది చెప్పలేదు. పేర్లు రాసిపెట్టింది వ్యాఖ్యాతలు. అయినా రామజననానికి తేదీతో సహా క్రీ.పూ. 5114 జనవరి 10 అని సాఫ్ట్‌వేర్ ప్రకటించింది.

మళ్లీ వంటకి వద్దాం. వండేటప్పుడు మాడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. క్రీ.పూ. 509 కావాలంటే సాఫ్ట్‌వేర్‌లో −508 కొట్టాలి, ఖగోళ గణితంలో సున్నా సంవత్సరం ఉంది గనక. −509 కొడితే ఏడాది వెనక్కి పోతారు, శని పన్నెండు డిగ్రీలు జారతాడు. భూమి తిరగడం కూడా నెమ్మదిస్తూ వస్తోంది. క్రీ.పూ. 500 నాటికి ఆ తేడా కూడి సుమారు 17,000 సెకన్లు, అంటే నాలుగుముప్పావు గంటలు. ఆ సవరణ లేని ప్రోగ్రాంలో లగ్నం రెండు రాశులకు పైగా తప్పుతుంది. ఇక శని కన్య 29వ డిగ్రీలో ఇరుక్కుని తులలోకి రానని మొండికేస్తే లాహిరి అయనాంశ తీసి రామన్ అయనాంశ పెట్టండి. ఒకటిన్నర డిగ్రీల లోపు తేడాయే అయినా ఉచ్చ వచ్చేస్తుంది. దీన్ని మోసమనకూడదు, సిద్ధాంతభేదం అనాలి.

అసలు రుచి శ్లోకసంఖ్యల్లో ఉంది, అంటే నేత్రమంటే రెండు, బాణమంటే ఐదు అన్నట్టు అంకెలను మాటల్లో చెప్పడం. ఒక పక్షం శ్లోకం ‘అనల శేవధి బాణ నేత్ర’ అంటుంది. 3, 9, 5, 2 కుడి నుంచి చదివితే కలియుగ సంవత్సరం 2593, నందన నామ సంవత్సరం. రెండో పక్షం ‘నిధి నాగేభ వహ్ని’ అంటుంది. కలి 3889, విభవ. మన ఇళ్లలో వేలాడే పంచాంగం పట్టుకుని అరవై అరవై చొప్పున వెనక్కి లెక్కేయండి. 2012 నందన, అక్కడి నుంచి 42 ఆవృత్తులు వెనక్కి వెళితే సరిగ్గా క్రీ.పూ. 509. 1988 విభవ, 20 ఆవృత్తులు వెనక్కి వెళితే సరిగ్గా 788. అద్భుతం! అయితే చిన్న చిక్కు. ఈ పేర్లు గురువు నడకకు కట్టినవి, గురువు రాశి దాటడానికి 361 రోజులే పడుతుంది గనక పాతకాలంలో సుమారు 85 ఏళ్లకోసారి ఒక పేరు వదిలేసేవారు. దక్షిణాదిలో ఆ అలవాటు మానేసి వెయ్యేళ్లు దాటింది. క్రీ.పూ. 509లో ఈ చక్రం వాడుకలో ఉందనుకున్నా, ఆనాటి పేరు మన లెక్కకు పదహారు పదిహేడు పేర్ల దూరంలో ఉండాలి. అలాంటిది నేటి పంచాంగంతో గీత గీసినట్టు కలిసింది. ఆ శ్లోకం రాసినాయన దగ్గర మన పంచాంగమే ఉందన్నమాట.

కొందరు ఆదివారం, ధనుర్లగ్నం అని కూడా చేరుస్తారు. వారం పేరు రాసిన మన తొలి శాసనం మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లోది, క్రీ.శ. 484 నాటిది. మేషాది రాశులూ లగ్నమూ వచ్చింది క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో. ‘కేంద్రం’ అన్న మాటే గ్రీకు కెంట్రాన్. క్రీ.పూ. 509లో ధనుర్లగ్నం రాసిపెట్టారంటే ఆ ఇంటికి పిన్‌కోడ్ కూడా ఉండే ఉంటుంది.

ఇటలీ పండితుడు కార్దానో ఏసుక్రీస్తు జాతకం వేసి 1554లో అచ్చు వేయించాడు. 1570లో మతవిచారణవాళ్లు పట్టుకుపోయారు. మన దగ్గర అంత నిర్దయ లేదు, శాలువా కప్పుతాం.

శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో ఖండించిన బౌద్ధ వాక్యం ధర్మకీర్తిది, ఆయన క్రీ.శ. 7వ శతాబ్దం వాడు, అంటే శంకరులు అంతకు ముందు వారు కాలేరు. అయితే ఈ రకం సాక్ష్యంలో గడియలూ విఘడియలూ రావు కనుక మన పనికి పనికిరాదు.

ఇంకో విశేషం. 1,296 ఏళ్లంటే శనికి సరిగ్గా 44 చుట్లు. అంటే ఒకరి మొహం ఒకరు చూడని ఆ రెండు పక్షాల సంవత్సరాల్లోనూ శని ఒకే చోట ఉన్నాడు, మీనం పరిసరాల్లో. తులకు ఐదు రాశుల దూరం. మాధవీయం కోరిన ఉచ్చ ఇద్దరికీ దక్కలేదు.

కంగారు పడకండి, చివర్లో జన్మనక్షత్రాన్ని బట్టి లెక్కించే దశలతో తాలింపు పెడితే అంతా సర్దుకుంటుంది. ఆరుద్ర ఆరంభంలో పుట్టారనుకుంటే 32వ ఏట గురుదశ, మోక్షకారకుడు. కాస్త ఆలస్యమైందంటే శనిదశ, వైరాగ్యకారకుడు. పునర్వసు చివర్లో పెడితే బుధదశ, భాష్యకారుడికి బుధుడు కాక ఇంకెవరు? మూడింట్లో ఏది తేలినా తేదీ రుజువైనట్టే. అచ్చుకు పంపే ముందు ఆ −508 మాత్రం ఒకసారి సరిచూసుకోండి.