రిఫరెన్సు నంబర్ 1: గూగుల్ డాట్ కామ్

మొన్న ఒక యూనివర్సిటీకి పీజీ ప్రాజెక్టుల వైవాకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళా. 36 రికార్డులు, అన్నీ నల్ల రెగ్జిన్ బైండింగు, బంగారు అక్షరాలు, కళ్ళకద్దుకోవాలనిపించేలా ఉన్నాయి. అలవాటుగా ముందు చివరి పేజీ తిప్పా. రిఫరెన్సెస్ అని బోల్డులో కొట్టి కింద: 1. గూగుల్ డాట్ కామ్, 2. వికీపీడియా, 3. యూట్యూబ్. అయిపోయింది. ఏ ఊరు బాబూ మీది అంటే ఎంజీబీఎస్ బస్టాండు సార్ అన్నట్టుంది. బస్సు అక్కడ దిగావు నాయనా, కాదన్లేదు, ఎక్కిందెక్కడ?

పిల్లాణ్ణి పిలిచా.

"ఈ డేటా ఎక్కడిది?"

"నెట్‌లో సార్."

"నెట్‌లో అంటే?"

ఈ పెద్దాయనకి నెట్ అంటే తెలీదు పాపం అన్నట్టు జాలిగా చూశాడు. "గూగుల్‌లో కొడితే వస్తుంది సార్."

"ఎవరు రాశారది?"

"గూగులే సార్."

సరే అని మొదటి పేజీకొచ్చా. అక్కడ కృతజ్ఞతలు, ఎవరో ప్రిన్సిపాల్ గారికి. ఆయన ఈ ఊరాయన కాదు, ఈ కాలేజీ కాదు, అసలు ఈ జిల్లానే కాదు. ఎవరయ్యా అంటే "సీనియర్ సాఫ్ట్ కాపీ సార్, పేరు మార్చడం మర్చిపోయా" అన్నాడు. ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ ఇచ్చుంటాడు. ఆ ప్రిన్సిపాల్ గారు ఈపాటికి రిటైరై మనవళ్ళని ఆడించుకుంటూ ఉంటారు, ఏటేటా ముక్కూ మొహం తెలీని పిల్లలు మాత్రం ఆయన రుణం తీర్చుకుంటూనే ఉన్నారు. ఈ తరానికి విశ్వాసం లేదన్నదెవరో రమ్మనండి.

మనవాళ్ళకీ ఒక పరిశోధన పద్ధతి ఉందండీ. ముందు వాట్సాప్ గ్రూపులో "బ్రో పీడీఎఫ్ ఉందా". అదే పీడీఎఫ్ పొద్దున్నే వచ్చింది, కానీ పైకి స్క్రోల్ చెయ్యాలంటే వేలు నొప్పి. తర్వాత జిరాక్స్ అన్న. పాఠకుడి టైము ఆదా చెయ్యమని మన లైబ్రరీ సైన్సు పితామహుడు రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాస్తే, నాలుగు పేజీలు ఒక పేజీలో కుదించి మైక్రో జిరాక్స్ తీసే ఈ మహానుభావుడే దాన్ని నిజంగా అమలు చేశాడు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చి ఆయన పొట్టా కొట్టింది. అదైతే లేని రీసెర్చ్ జర్నల్‌కి వాల్యూమ్ నంబరూ పేజీ నంబరూ వేసి మరీ ఇస్తోంది. దానికంటే గూగుల్ అని రాసినోడే నయం, అదన్నా ఉంది.

ఆ 36 మందినీ అడిగా, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని విన్నారా అని. 2025 నుంచి మూడేళ్ళకి కేంద్రం 6,000 కోట్లు పెట్టింది, 13 వేల దాకా జర్నళ్ళు, గవర్నమెంటు యూనివర్సిటీ పిల్లలకి ఫ్రీ. ఒక్క చెయ్యి లేవలేదు. హెచ్‌ఓడీ గారు ఫ్యాన్ వంక చూస్తున్నారు.

ఒకమ్మాయి మాత్రం, మెల్లగా, "లైబ్రరీకి వెళ్ళా సార్, పాత సెన్సస్ టేబుల్స్ అడిగితే బీరువా తాళం చెవి సార్ దగ్గరుంది, ఆయన లీవు, గైడు కొనుక్కోమ్మా అన్నారు" అంది. మూడుసార్లు వెళ్ళిందట. ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి రిఫరెన్సు రాయడం రాదా అని అడుగుతున్నాం మేము. సిగ్గుండాలి మాకు. రెండేళ్ళలో ఒక్క గంట, ఒకే ఒక్క గంట, ఇదిగో ఇలా వెతకాలి, ఎవరు రాశారో ఇలా చూడాలి అని ఎవడన్నా పక్కన కూర్చుని చూపించాడా? కాలేజీల నాణ్యత తనిఖీ చేసే నాక్ వాళ్ళొచ్చే రోజు దుమ్ము దులపడానికి తెరుచుకునే బీరువా ఆ పిల్ల కోసం ఎందుకు తెరుచుకోదు? జీతాలెవడు తీసుకుంటున్నాడు?

ఇంతలో సమోసాలు, టీ వచ్చాయి. తిన్నా. సంతకాలు పెట్టా. తర్వాతి కుర్రాడి రికార్డు చివరి పేజీ తిప్పితే, 1. గూగుల్ డాట్ కో డాట్ ఇన్.

స్వదేశీ. రెండు మార్కులు ఎక్కువేశా.