నాటు కుక్కలకు ప్రవేశం లేదు

ఒక పోస్టర్ వచ్చింది. హైదరాబాదు నుంచి అనంతగిరి కొండలకి శనాదివారాల్లో శునక సమేత ప్రకృతి యాత్ర. మనిషికో టిక్కెట్టు, కుక్కకో టిక్కెట్టు. కుక్కదే ఖరీదెక్కువ, దాని హోదాకి అది సబబే. దిగగానే కుక్కకి స్వాగత పానీయం. మామూలుగా పుట్టుకతోనే ఈత వచ్చే ఆ జంతువు నీళ్లలో మునిగిపోకుండా నారింజరంగు జాకెట్టు. సాయంత్రం చలిమంట, పక్కన కుక్కల మనసుకి హాయి కలిగించే వేణుగానం. వెళ్లేటప్పుడు ‘సాహస శునకం’ అని ఫొటోతో ప్రశంసాపత్రం. ఇవన్నీ చదివి జీర్ణించుకున్నాను. మనుషులు డబ్బిచ్చి డాక్టరేట్లు తెచ్చుకునే రోజుల్లో కుక్క దగ్గర ఒక సర్టిఫికెట్టు ఉంటే ఏం పోయింది?

పోస్టర్ అడుగున, చిట్‌ఫండ్ వాళ్లు షరతులు అచ్చేయించే సైజులో, ఇంకో వాక్యం ఉంది. ‘భద్రతా కారణాల రీత్యా నాటు కుక్కలకు ప్రవేశం లేదు.’

ఇది మాత్రం జీర్ణం కాలేదు.

మనిషీ కుక్కా కలిసి అడవిదారిన నడవచ్చన్న సంగతి సదరు నిర్వాహకులు ఈ మధ్యే కనిపెట్టారు. కనిపెట్టినవారికి హక్కులుంటాయి, కాదనను. కాకపోతే వారి అనుమతి లేకుండా, జీఎస్టీ కట్టకుండా, పూర్వం ఈ పని విచ్చలవిడిగా జరిగిపోయినట్టు ఆధారాలున్నాయి. కాశ్మీరులో బూర్జహోం దగ్గర తవ్వితే నాలుగు వేల ఏళ్ల కిందటి సమాధుల్లో మనుషులతో పాటు కుక్కలూ బయటపడ్డాయి. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు శాసనం ఉంది, పదో శతాబ్దపు నడిమిది. చోళులతో జరిగిన తక్కోలం యుద్ధంలో విజృంభించిన మణలేరుడనే వీరుణ్ణి ఏం కావాలో కోరుకోమన్నారు. ఊళ్లు అడగొచ్చు, ఏనుగుల్ని అడగొచ్చు. ఆయన కాళి అనే వేటకుక్కని అడిగాడు. ఆ కాళి ఒకనాడు కొండమీద అడవిపందితో తలపడింది. రెండూ అక్కడే చచ్చాయి. కుక్క పేరిట గుడి ముందు శిల నాటించి, దానికి పూజ జరగాలని భూమి కూడా రాసిచ్చారు. శిల ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. కాళికి బ్రీడ్ సర్టిఫికెట్టు ఉన్నదీ లేనిదీ మాత్రం శాసనంలో లేదు. చెక్కినవాడి అజాగ్రత్త.

ప్రవేశ నిషేధంలో కూడా మన నిర్వాహకులు ఆద్యులు కారు, పాపం. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్లూ ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. రథం తెచ్చిన ఇంద్రుడు, నువ్వెక్కు గానీ కుక్కకి వీల్లేదన్నాడు. అయితే నేనూ రానన్నాడు ధర్మరాజు. ఆ కథ చెప్పేవాళ్లంతా ధర్మరాజుని మెచ్చుకుంటారు. నేను ఇంద్రుణ్ణే చూస్తూ ఉంటాను. హిమాలయాలు దాటి నడిచొచ్చిన జీవి వాకిట్లో నిలబడితే, దాహమా అని అడగబోయి రూలు గుర్తుచేసుకున్నవాడు! అదే భారతం మొదట్లో, యజ్ఞం చూద్దామని వచ్చిన దేవతల కుక్క సరమ కొడుకుని జనమేజయుడి తమ్ముళ్లు ఊరికే చావగొట్టారు. మొదట కుక్కని కొట్టడం, చివర కుక్కని ఆపడం, మధ్యలో పద్దెనిమిది అక్షౌహిణులు.

మన ప్రాంతంలో కుక్కకి శిలలు నాటించే స్తోమత దాని మనుషులకి లేదు. కురుమలు, గొల్లలు మేత కోసం మందల్ని ఊళ్లు దాటించి తోలుకుపోయేవారు. దారిలో రైతులు పిలిచి చేలో మంద కట్టించుకునేవారు. చేనికి ఎరువు, కాపరికి గింజలు. కాపరి గొంగడి కప్పుకుని ఒక కునుకు తీయగలిగాడంటే మంద చుట్టూ కుక్క మేలుకుని ఉంది కాబట్టి. వస్తున్నానని తోడేలు చెప్పి రాదు కదా. నల్లమలలో చెంచుల వేటకి ముందు నడిచిందీ కుక్కే. కొల్లేటి చుట్టుపక్కల జోనంగి అని ఒక జాతి ఉంది. పొట్టి వెంట్రుకలు, ముడతల మొహం. మొరగడం తక్కువ, ఊళకీ కూనిరాగానికీ మధ్య ఏదో తీస్తుంది. బాతుల మందల్ని తోలడం దాని ఉద్యోగం. కొల్లేరు చేపల చెరువులుగా మారాక బాతులు పల్చబడ్డాయి, దాని ఉద్యోగమూ ఊడింది. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కలకి బిళ్లలు వేసింది. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం, ఈ నాలుగే. జోనంగికి బిళ్ల లేదు. పోస్టర్ లెక్కన జోనంగీ నాటుదే. కొల్లేట్లో బాతుల్ని తోలింది గానీ అనంతగిరిలో అడుగుపెడితే భద్రతకి ముప్పు.

బండి కింద కుక్క సంగతి అందరికీ తెలుసు. బండిని తానే లాగుతున్నాననుకుంటుందట. తరతరాలుగా ఈ మాట అని నవ్వుకుంటున్నాం. ఆ రాత్రి ప్రయాణాలని ఒక్కసారి తలుచుకోండి. ఎడ్లు దారి చూసుకుని నడిచేవి. ఇరుసుకి కట్టిన లాంతరు ఊగుతూ వెలిగేది. కింద కుక్క, గట్టు దగ్గర ఆకు కదిలినా గుర్రుమంటూ నడిచేది. పైన గడ్డి పరుపు మీద పెద్దమనిషి గురక పెట్టేవాడు. ఆ నలుగురిలో పనీపాటా లేకుండా అంతా తన మీదే నడుస్తోందనుకున్నది ఎవరో సామెత కట్టినవాడికి తెలియనిది కాదు. సామెత కట్టింది ఆయనే.

అలాగని ఆ కాలంలో కుక్కని నెత్తిన పెట్టుకున్నామని నేను అబద్ధమాడను. వసారా దాటనిచ్చేవాళ్లం కాదు. మిగిలిన సంకటి ముద్దే దానికి జీతం, అదీ మిగిలితేనే. తెల్లవాళ్ల సాహసాలూ అంతే. 1911లో దక్షిణ ధ్రువానికి నార్వే యాత్రికుడు అముండ్‌సెన్ 52 కుక్కలతో బయల్దేరాడు, వెనక్కి వచ్చినవి 11. మిగిలినవాటిలో చాలాభాగం ఆయన పథకం ప్రకారమే దారిలో ఆహారమయ్యాయి. అది ప్రేమ కాదు, పొత్తు. దగాపడ్డ పొత్తే అనుకోండి. కానీ కుక్క తన కాళ్లమీద తాను నడిచింది, నడిచిన దారిలో దానికీ ఒక పని ఉంది.

ఈ పోస్టర్ పంపినవాడు మా మేనల్లుడు. నార్సింగిలో పధ్నాలుగో అంతస్తు. వాడికో సైబీరియన్ హస్కీ ఉంది, పేరు బ్రూనో. గొప్ప వంశం. 1925లో అలాస్కాలోని నోమ్‌లో డిఫ్తీరియా చెలరేగితే, గడ్డకట్టే చలిలో నెనానా నుంచి వెయ్యి కిలోమీటర్లకి పైగా మంచుబళ్ల మీద మందు చేరవేశారు. ఇరవై మంది బళ్లవాళ్లు, సుమారు 150 కుక్కలు, ఐదున్నర రోజులు. వాటిలో పేరుమోసిన టోగో, బాల్టో ఈ జాతివే. ఆ వంశాంకురం ఇప్పుడు పద్దెనిమిది డిగ్రీల ఏసీలో సోఫా మీద పడుకుని, కరెంటు పోతే మావాడికన్నా ముందు ఇన్వర్టరు వైపు చూస్తుంది.

“నువ్వూ రా మామయ్యా, నీకూ వాకింగ్ అవుతుంది” అన్నాడు. వెళ్లాను. తీరా అక్కడ నా పని బండి తొయ్యడం. పసిపిల్లల్ని కూర్చోబెట్టే తోపుడుబండి, దానికి దోమతెర, చిన్న ఫ్యాను. అందులో బ్రూనో, పాదాలు కందకుండా నాలుగు బూట్లతో. కొండెక్కడానికి వచ్చిన జంతువు కూర్చుంది, మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పిన జంతువు తోస్తోంది. మా వెనక ఇంకో బండిలో కళ్లద్దాల పగ్, దాని వెనక గొడుగు పట్టించుకున్న పొమరేనియన్. మెడలో విజిలు వేసుకున్న శిక్షకుడొకడు, కుక్కతో ఎలా నడవాలో మాకు పాఠం చెప్పాడు. ముందు ఎడమకాలు వెయ్యాలి. కుక్క కళ్లలోకి మూడు సెకన్లు చూడాలి. దానిలో నిద్రపోతున్న అడవిని మేల్కొల్పాలి. బ్రూనోలో నిద్రపోతున్నది బ్రూనోనే గనక ఎంత చూసినా లాభం లేకపోయింది.

అక్కడ టీకొట్టు పక్కన బూడిదలో ఒక నాటు కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు ఆడకుక్క. చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకా పడింది. మేం కదలగానే లేచి ఒళ్లు విరుచుకుని, ఎవరూ పిలవకుండానే ముందు నడిచింది. ఎడమకాలు ముందేసిందో కుడికాలేసిందో శిక్షకుడు గమనించలేదు. కొంత దూరం పోయాక దారి రెండుగా చీలింది. నిర్వాహకుడు ఫోను తీశాడు, సిగ్నల్ లేదు. ఫోను ఆకాశానికెత్తాడు, రాయెక్కి ఎత్తాడు. మేమంతా గూగుల్ తల్లి కరుణ కోసం తలలెత్తి నిలబడ్డాం. కుక్క అప్పటికే ఎడమ దారిన నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, వీళ్లకేమైందన్నట్టు చూసి, కూర్చుని గోక్కుంటోంది. చివరికి దాని వెనకే వెళ్లాం. ఫ్యాన్లూ గొడుగులూ ప్రశంసాపత్రాల కట్టా అన్నీ దాని తోక వెనకే. అది ఆగిన చోట ఆగాం, అది మళ్లిన చోట మళ్లాం. సరిగ్గా మా గుడారాల దగ్గరికే చేర్చింది. ఆ దారిన అలాంటి ఊరేగింపుల్ని అదివరకు ఎన్నిటిని దించిందో!

ఇంతలో బ్రూనోకి దాని వాసన తగిలింది. కనకపు సింహాసనం లాంటి బండిలోంచి ఒక్క దూకు దూకింది. ఒక బూటు ఊడింది, రెండోది తానే పీకేసింది. మేకపెంటికల్లో దొర్లింది. పుట్టాక మొదటిసారి తోక అంత ఎత్తున ఆడించింది. మావాడు కేక పెట్టాడు. నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చి, వంగి రాయి తీసి, నాటుకుక్క మీద విసిరాడు. “పో! పో! ఇక్కడ కుక్కల ప్రోగ్రాం జరుగుతోంది!”

రాయి దాని వెనకకాలికి తగిలింది. అరిచి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

సిగ్గుండాలి. దారి తెలియక ఆకాశానికి ఫోనెత్తుకున్నవాడివి, దారి చూపించినదాన్ని రాయిచ్చుకు కొడతావా? ఏం భద్రత నీది? కుక్కకాటు భయం బూటకమని నేననను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ తండ్రి ముందు నిలబడి కుక్కల గొప్ప చెప్పే ధైర్యం ఎవడికీ ఉండకూడదు. కానీ ఆపరేషన్లు చేయించాల్సింది, టీకాలు వేయించాల్సింది, చెత్తకుప్పలు ఎత్తించాల్సింది ఎవరు? కుక్కలా? 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు చెప్పింది. 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టినచోటే వదలమంది. ఆ చెవి కత్తిరింపు అందుకే. అది గుర్తు. టీకా పడ్డ కుక్కని గుర్తుపట్టడం రానివాడు కుక్కల యాత్రలు నడుపుతున్నాడు! మీ గుమ్మం లోపలికి వచ్చే జాతికుక్కల మాటేమిటి మరి? మంచుదేశపు బొచ్చుకుక్కని ఎండదేశంలో లక్షలు పోసి కొని, చర్మమంతా పుళ్లు పడితే, లేదా వీసా వస్తే, ఊరి చివర కారాపి తలుపు తీసి దించేసి అద్దం ఎక్కించుకుని పోయే మహానుభావులకి మాత్రం ప్రవేశం ఉందా? వాళ్ల దగ్గర టిక్కెట్టు ఉంది గనక ఉంది.

ఉత్తరకాండలో ఒక కథ వస్తుంది, ప్రక్షిప్తమని పండితులు పక్కన పెట్టేస్తారు. తల పగిలిన కుక్క ఒకటి రాముడి వాకిట్లో నిలబడింది. పిలవందే లోపలికి రానంది. రాముడు పిలిపించాడు. సభలో తన ఫిర్యాదు చెప్పుకుంది. ఒక బ్రాహ్మణుడు కారణం లేకుండా కొట్టాడు. అతను రాలేదు కాదు, వచ్చి ఒప్పుకున్నాడు కూడా. ఏం శిక్ష వెయ్యాలో తేలక సభంతా తల పట్టుకుంటే కుక్కే చెప్పింది: ఇతణ్ణి కాలంజరంలో మఠానికి అధిపతిని చెయ్యండి. అతన్ని ఏనుగెక్కించి పంపారు. ఇదేం శిక్షని మంత్రులు తెల్లబోయారు. పోయిన జన్మలో నేనూ అక్కడ అధిపతినే, ఒళ్లు దగ్గరపెట్టుకునే చేశాను, అయినా ఇలా పుట్టాను, ఈ కోపిష్టివాడి గతి మీరే ఊహించుకోండి అంది కుక్క.

అనంతగిరి కుక్క తరఫున నేనూ అదే కోరుతున్నాను. మా మేనల్లుడి గేటెడ్ కమ్యూనిటీలో అసోసియేషన్ అధ్యక్ష పదవి ఖాళీగా ఉంది. ఆ నిర్వాహకుణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకోవాలి. లిఫ్టు పనిచేయదు, బోరు ఎండిపోయింది, పార్కింగ్ కేసు కోర్టులో ఉంది, వాట్సాప్ గ్రూపులో అందరూ మెంబర్లే. పూలదండ ఖర్చు నాది.