దేవుడి దగ్గర జీతం లేని ఉద్యోగం

2022లో డిస్నీ ప్లస్‌లో వచ్చిన ‘మూన్ నైట్’ని అందరూ సూపర్‌హీరో సిరీస్ అనుకుని చూసేశారు. నన్నడిగితే అది కార్మిక శాఖ తనంతట తానే కేసు పెట్టాల్సిన వ్యవహారం.

స్టీవెన్ గ్రాంట్ లండన్ మ్యూజియంలో గిఫ్ట్ షాపులో పని చేస్తుంటాడు. తొమ్మిదిమంది ఉండాల్సిన ఈజిప్టు దేవతల కూటమిని పోస్టర్ మీద ఏడుగురితోనే ఎలా సరిపెట్టారండీ అని నిలదీసేంత చదువున్నవాడు, కానీ వినేవాళ్లేరీ. రాత్రి పడుకునేటప్పుడు కాలిని మంచానికి కట్టేసుకుని, చుట్టూ ఇసుక పోసి, తలుపుకి టేపు అంటిస్తాడు. ఇంత చేసినా కళ్లు తెరిచేసరికి ఆల్ప్స్ కొండల్లో ఉంటాడు, దవడ పక్కకి జారిపోయి. ఇల్లు చేరితే ఒంటి రెక్క గోల్డ్‌ఫిష్‌కి రెండు రెక్కలు! తను వెళ్లాల్సిన డేట్ రెండు రోజుల కిందటే అయిపోయిందట. అంటే నైట్ షిఫ్ట్ చేయించుకున్నారు, మనిషికి మాత్రం చెప్పలేదు.

ఆ షిఫ్ట్ చేసేది అదే ఒంట్లో ఉన్న మార్క్ స్పెక్టర్. తమ్ముడు నీళ్లలో మునిగి చనిపోతే తల్లి ఆ పాపమంతా వీడి నెత్తినే వేసి కొట్టేది, ఆ దెబ్బల నుంచి పారిపోవడానికి పిల్లాడు కల్పించుకున్నవాడే స్టీవెన్. (ఆ ఐదో ఎపిసోడ్‌లో ఈ పాత్రలు వేసిన ఆస్కార్ ఐజాక్‌ని చూస్తూ వెటకారం చేయడం మనవల్ల కాదు, వదిలేద్దాం.)

ఇక యజమాని ఖోన్షు. ప్రాచీన ఈజిప్టు నగరం థీబ్స్‌లో ఈయన చంద్రదేవుడు, ఆమున్, ముత్ అనే దేవతల సుపుత్రుడు. ఎడారిలో చావుబతుకుల్లో ఉన్న మార్క్ దగ్గరికెళ్లి, బతికిస్తాను, నా కింద పని చెయ్ అంటాడు. ఇంటర్వ్యూ టైమింగ్ చూశారా! జీతం లేదు, సెలవు లేదు, తెల్ల సూటొకటి ఇస్తారు. మానేస్తానంటే, సరే, నీ భార్య లేలాని పెట్టుకుంటాను అంటాడు.

విలన్ హారో కూడా ఇదే కంపెనీ మాజీ ఉద్యోగి. విసిగిపోయి అమ్మిట్ పార్టీలో చేరాడు. మొసలి తల, సింహం ముందుభాగం, నీటిగుర్రం వెనకభాగం ఉన్న ఆ దేవత, ఈ సిరీస్‌లో మాత్రం మీరు రేపు చేయబోయే తప్పుకి ఇవాళే శిక్ష వేసేస్తుంది. మన చిత్రగుప్తుడు నయం, కనీసం మనిషి పోయేదాకా ఆగుతాడు.

హారో మీద ఖోన్షు తరఫున మార్క్ ఫిర్యాదు చేస్తే గిజా పిరమిడ్‌లో దేవతల కమిటీ కూర్చుంటుంది. ఏం తేల్చారు? సాక్షి మార్క్‌కి మతి సరిగా లేదని హారో అనగానే ఫిర్యాదు కొట్టేశారు. అంతర్గత విచారణ కమిటీలు ఐదు వేల ఏళ్లుగా ఇలాగే పనిచేస్తున్నాయన్నమాట.

చివర్లో ఖోన్షు మార్క్‌నీ స్టీవెన్‌నీ దర్జాగా రిలీవ్ చేసేస్తాడు. ఇద్దరూ ఇల్లు చేరి ఊపిరి పీల్చుకుంటారు. క్రెడిట్స్ మధ్యలో తెలుస్తుంది అసలు సంగతి: ఆ ఒంట్లో జేక్ లాక్లీ అని మూడోవాడున్నాడు, కారు తోలుతూ స్పానిష్ మాట్లాడుతూ హారోని కాల్చేస్తాడు, వెనక సీట్లో ఖోన్షు సూటేసుకుని కూర్చుని ఉంటాడు. రాజీనామాలో జేక్ పేరు లేదు మరి.